బిడ్డ తొలియడుగు
(వార్షిక మహాసభ, మహిళా సమావేశమున నొసగిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, వివాహములలోని దుర్వ్యయమును గూర్చియు పెద్దలనేకులు ప్రసంగించిరి. అట్టి గంభీరవిషయముల నడుమ పసిబిడ్డ నడక నేర్చుట యను ముచ్చటకు చోటెక్కడిదని కొందఱు శంకింపవచ్చును. కాని మనము వేతనమిచ్చి పట్టణమునకు బంపు విద్యార్థి మొదట తన యింటి గడప దాటినవాడే గదా! ఆ గడప దాటించుటలో మనమెంత యోర్పు చూపితిమి, ఎంత తొందరపడితిమి, ఏ బిడ్డను వెనుక విడిచితిమి యనునవి సంఘము విచారింపదగిన ప్రశ్నలే. కావున కొంచెముసేపు మీ శ్రద్ధను వేడుచున్నాను.

నడక నేర్పునది మనము కాము. బిడ్డయే నేర్చుకొనును. మనము చేయదగిన దంతయు చోటిచ్చుట, తోడుండుట, అడ్డు తొలగించుట. ఈ మాట నిలుపుకొన్నచో తక్కిన దంతయు సులభముగ బోధపడును.

అప్పుడే పుట్టిన శిశువును చంకలక్రింద పట్టుకొని పాదములు నేలకు తాకించిన, అది యడుగులు వేయుచున్నట్లే కాళ్లాడించును. రెండు నెలలు గడచునప్పటికి ఆ చేష్ట మాయమగును. పూర్వము శాస్త్రజ్ఞులు మెదడు పెరుగుటవలన నా చేష్ట యణగిపోవునని తలచెడివారు. 1984లో ఎస్తేర్ థెలెన్ అను అమెరికా పరిశోధకురాలును, ఆమె సహచరులును అట్టి శిశువులను మొండెమువరకు నీటిలో దింపి చూచిరి. పోయిన యడుగులు తిరిగి కనబడినవి. శిశువు కాళ్లకు క్రొవ్వు పెరిగి బరువెక్కినందున, ఆ బరువు నెత్తుటకు చాలినంత కండ యింకను లేనందున అడుగులు మరుగుపడెనని వారు తేల్చిరి. నీరు బరువును మోయగనే కాళ్లు కదలినవి. దీనివలన మనకు దెలియునదేమి? బిడ్డ నిలువకపోవుట మొండితనము గాదు, సోమరితనము గాదు. బలమును, తూనికయు సమకూరిననాడు అదియే నిలుచును.

ఆ సమకూర్పునకు వరుస గలదు. మెడ నిలుచుట, బోరగిల పడుట, కూర్చుండుట, దోగాడుట, మంచపుపట్టె పట్టుకొని లేచుట, ఆ పట్టెవెంబడి ప్రక్కకు ప్రక్కకు జరుగుట, చేయి విడిచి నిలుచుట, ఆపైని తప్పటడుగులు. మన పూర్వులీ వరుసను పండుగలుగ గుర్తించిరి. బోర్లపడిన బొబ్బట్లు, గడప దాటిన గారెలు, అడుగిడిన అరిసెలు! అరిసెలపై బిడ్డను నడిపించి ఆ యరిసెలను వీధివారికి పంచు వేడుక నేటికిని మన యిండ్లలో జరుగుచున్నది. ఇందులో నొక విశేషమున్నది. పిండివంటకు పేరున్నది గాని నెల లేదు. ఏ నెలలో అడుగిడవలయునో మన పెద్దలు చెప్పలేదు. అడుగిడిననాడు పండుగ చేసిరి.

శాస్త్రము నిదే చెప్పుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఘానా, భారతదేశము, నార్వే, ఒమాన్, అమెరికా సంయుక్తరాష్ట్రములు అను ఐదు దేశములలో ఆరోగ్యవంతులైన 816 మంది బిడ్డలను వరుసగ పరిశీలించి 2006లో ఫలితములను ప్రకటించిరి. మన దేశమున నీ పరిశీలనము ఢిల్లీ నగరమున జరిగినది. ఆధారము లేక కూర్చుండుట 3.8 మొదలు 9.2 నెలలలోపల, చేతులు మోకాళ్లు ఊని దోగాడుట 5.2 మొదలు 13.5 నెలలలోపల, ఒంటరిగ నిలుచుట 6.9 మొదలు 16.9 నెలలలోపల, ఒంటరిగ నడచుట 8.2 మొదలు 17.6 నెలలలోపల జరిగినవి. నూటికి తొంబదియెనిమిదిమంది బిడ్డలు ఈ హద్దులలో నిమిడిరి. నడక హద్దులెంత విశాలములో గమనింపుడు! మొదటి కొసకును చివరి కొసకును నడుమ తొమ్మిది నెలలకు పైగా నున్నది. నూటికి నలుగురు బిడ్డలు మోకాళ్లపై దోగాడనే లేదు. అట్లని వారు నడువకపోలేదు. నెలలు నిండకమున్ను పుట్టిన బిడ్డ వయస్సును పుట్టిన దినమునుండి గాక, పుట్టవలసిన దినమునుండి లెక్కింపవలయునని కూడ జ్ఞాపకముంచుకొనుడు.

అమ్మలారా! ఈ యంకెలు వినిపించుటకు కారణమున్నది. మన యిండ్లలో తోడికోడండ్ర బిడ్డలను ప్రక్కప్రక్కన నిలిపి యెంచుట పరిపాటి. “పెద్దకోడలి కొడుకు పదినెలలకే పరుగెత్తెను, చిన్నకోడలి కూతురు ఏడాది దాటినను దోగాడుచునే యున్నది” అను మాట వంటయింట బుట్టి వీధిలో బడును. పాలు చాలలేదనియు, పుట్టింటివారి పోలిక యనియు, తల్లి ఎప్పుడును చంక దింపకుండుటచే నిట్లయ్యెననియు నిందలు తోడగును. తొమ్మిదవనెలలో నడచిన బిడ్డయు, పదునేడవనెలలో నడచిన బిడ్డయు నొక్క సహజమార్గముననే యున్నారు. ముందు నడచినవాడు బుద్ధిమంతుడగు ననుటకు ఆధారము లేదు. అత్తలగు పెద్దలకు నా మనవి యొక్కటే: బాలెంత మనస్సు నొప్పించి బిడ్డ కాలికి బలము చేకూర్చలేము.

ఇక నడక నేర్చుటలోని శ్రమ యెంతటిదో చూతము. 2012లో ప్రకటితమైన కేరెన్ అడాల్ఫ్ గారి పరిశోధనమున, ఏడాదికిని పందొమ్మిది నెలలకును నడుమనున్న బిడ్డలు తమ యిష్టానుసారముగ నాడుకొనుచు గంటకు సగటున 2,368 అడుగులు వేసిరనియు, గంటకు 17 మారులు పడిరనియు లెక్క తేలినది. ఏ వ్యాయామశాలలోని మల్లుడు ఇంత సాధన చేయును? బిడ్డ తల శరీరపు పొడవులో నాల్గవవంతు. పెద్దవారి తల ఎనిమిదవవంతు. పైబరువుతో, పొట్టికాళ్లతో, చదునుపాదములతో నా ప్రాణి తూనిక నిలుపుకొనవలసియున్నది. అందుకే కాళ్లు ఎడముగ పెట్టి, చేతులు పైకెత్తి, మడమ వేలు తేడా లేక పాదమంతయు నొక్కసారి మోపును. అది వంకర నడక గాదు, నడకకు పునాది. పడుట నేర్చుకొనుటలో భాగము. పడినప్పుడెల్ల “అయ్యో!” యని కేకవేసి పరుగెత్తి యెత్తుకొన్నచో బిడ్డకు దెబ్బకన్న మన కేక యెక్కువ భయము గొల్పును. నవ్వుమొగముతో “లే నాయనా, లే తల్లీ” యని చేయి చాపుట మేలు.

తోడుపడవలసిన విధానమును సంగ్రహముగ జెప్పెదను.

మొదటిది, నేల. బిడ్డను ఎల్లప్పుడు ఊయలలోను, ఒడిలోను, బండిలోను ఉంచక, శుభ్రమైన గట్టి నేలమీద ఎక్కువసేపు విడువుడు. మెత్తని పరుపు కాలికి ఊత యీయదు. చాపయో, జంపఖానయో పరచిన నేల చాలును. నున్నని చలువరాళ్లపై నీరుగాని నూనెగాని లేకుండ చూడుడు.

రెండవది, పట్టు. లేవనేర్చిన బిడ్డకు నులకమంచపు పట్టె, బరువైన పీట, అరుగు అంచు ఆధారములు. రెండాధారముల నడుమ మొదట జానెడు ఎడము, పిదప మూరెడు ఎడము విడువుడు. ఆ చివర నిష్టమైన బొమ్మ నుంచుడు. ప్రక్కకు జరుగుచు జరుగుచు, ఒకనాడు చేయి విడిచి ఆ మూరెడు దాటును.

మూడవది, మన చేయి. బిడ్డ రెండుచేతులను తలపైకి లాగి పట్టి నడిపించుట మనకలవాటు. అట్లు నడచునపుడు బిడ్డ ముందునకు వ్రేలుచు మన చేతులపై బరువు వేయును, తూనిక నేర్వదు. దానికంటె మొండెమునుగాని తుంటినిగాని తేలికగ పట్టుడు. లేదా ఎదుట మోకాళ్లపై కూర్చుండి చేతులు చాచి పిలువుడు. పట్టు నెమ్మదిగ సడలింపుడు.

నాల్గవది, వంగుట. నేలమీది బొమ్మను వంగి తీసికొని తిరిగి లేచుట నడకకు మంచి సాధనము. ఎత్తైనచోటినుండి వెనుకకు తిరిగి కాళ్లు ముందు దింపుటను మంచముకడనే యలవాటు చేసినచో మెట్లకడ ప్రమాదము తగ్గును.

ఐదవది, బండి. బిడ్డ నిలుచుండి వెనుకనుండి త్రోయు మూడుచక్రముల కొయ్యబండి మన వడ్రంగులు తరతరములుగ చేయునది. కొంచెము బరువుగ నుండి, జారిపోక, పెద్దలు దగ్గఱ నుండగా నది మంచి తోడు. బిడ్డ తన కాళ్లమీద తాను నిలుచును. కాళ్లను తాను చూచుకొనును.

ఆఱవది, పాదరక్షలు. ఇంటిలో నడుచు బిడ్డకు చెప్పు లక్కఱలేదు. వట్టిపాదము నేలను పట్టుకొని తెలిసికొనును. మణిపాలు వైద్యులు యు. బి. రావు, బెంజమిన్ జోసెఫ్ గారలు 2,300 మంది బాలబాలికల పాదముద్రలను పరీక్షించి 1992లో ఫలితములను ప్రకటించిరి. చెప్పులు తొడుగు పిల్లలలో నూటికి 8.6 మందికిని, తొడుగనివారిలో నూటికి 2.8 మందికిని చదునుపాదము లుండెను. నగరమునుండి పుట్టినదినమునకు తెచ్చు బిగుతు బూట్లు చూపున కందము గాని పాదమునకు మేలు గాదు. వీధిలో ముండ్లు, మేకులు, ఎండ యున్నచోట మెత్తని వంగు అడుగుగల వదులు చెప్పు వేయుడు.

మన పాత యలవాట్లలో మేలైనవానిని విడువవలదు. నూనె యంటి స్నానము చేయించుట బిడ్డకు హాయి నిచ్చును. అయితే కీళ్లను లాగుట, మెలిపెట్టుట కూడదు. బిడ్డను చంక నెత్తుకొనునపుడు కాళ్లు రెండును ఎడముగ మన నడుమునకు ఇరుప్రక్కల నుండును. తుంటికీలు సరిగ నమరుటకు ఈ భంగిమ యనుకూలము. దీనికి విరుద్ధముగ కాళ్లు చాచి బిగించి గుడ్డలో చుట్టుట తుంటికీలును తొలగింపవచ్చును. జపానుదేశమున 1975లో అట్టి చుట్టుట మాన్పించు ప్రచారము సాగించిన పిమ్మట తుంటితొలగుడు బిడ్డల సంఖ్య మిక్కిలి తగ్గినది. కాలిమువ్వలు కూడ బిడ్డ యెక్కడ నున్నదో తల్లికి తెలుపును. మువ్వ ఊడి నోటబడకుండ మాత్రము చూచుకొనవలయును.

ఇప్పుడు నేటి కాలపు బహుమానమును గూర్చి కఠినముగ జెప్పక తప్పదు. బారసాలకును, పుట్టినదినమునకును బంధువులు వాకరు అను చక్రముల కుర్చీని తెచ్చుచున్నారు. బిడ్డ నందులో కూర్చుండబెట్టిన, మునివ్రేళ్లతో నేలను తన్ని గదియంతయు తిరుగును. తల్లికి వంటపని కొంత సాగును. ఆమె కష్టమును నేను తక్కువ చేయను. కాని వాకరులో బిడ్డ తూనిక నేర్వదు. తన పాదములు తనకు కనబడవు. ఐర్లండులో జరిగి 2002లో ప్రకటితమైన పరిశీలనమున, వాకరులో గడపిన ప్రతి 24 గంటల మొత్తమునకు ఒంటరినడక 3.3 దినములును, ఒంటరినిలుపు 3.7 దినములును ఆలస్యమైనట్లు కనబడినది. త్వరగ నడిపింపవలయునని కొన్న వస్తువు నడకను వెనుకకు లాగుచున్నదన్నమాట!

అంతకన్న ఘోరమైనది ప్రమాదము. వాకరులోని బిడ్డ ఒక్క సెకనులో మూడడుగులకు పైగా దూరము పోగలదు; ఎదుటనున్న తల్లి సయితము అందుకొనలేదు. అమెరికాలో 1990 మొదలు 2014 వరకు 15 నెలలలోపు వయస్సుగల 2,30,000 మందికి పైగా బిడ్డలు వాకరు ప్రమాదములచే ఆసుపత్రుల యత్యవసరవిభాగములకు చేరిరి. వారిలో నూటికి తొంబదిమందికి తలకో మెడకో దెబ్బలు. నూటికి డెబ్బదినలుగురు మెట్లపైనుండి పడినవారు. కెనడాదేశము 2004లో వాకరుల యమ్మకమునే నిషేధించినది. మన దేశమున నవి నేటికిని అంగళ్లలో వ్రేలాడుచున్నవి. తల్లికి పని తెమలవలెనన్న ఇంటిలోని మఱియొకరు బిడ్డకడ కూర్చుండుట యుపాయము. తండ్రులారా! తాతలారా! ఈ పని మీకు చిన్నతనము గాదు.

బిడ్డ నడచుట మొదలుపెట్టిననాడు ఇల్లంతయు కొత్తకన్నుతో చూడుడు. నీళ్లతొట్టి, బకెట్టు, మూతలేని బావి, నేలమీది పొయ్యి, దించిన చారుగిన్నె, అంచులు వ్రేలు బల్లగుడ్డ, మేడమెట్లు — ఇవన్నియు నిన్నటివరకు నిర్జీవములు, నేడు శత్రువులు. జానెడు లోతు నీటిలో సయితము తలక్రిందుగ పడిన పసిబిడ్డ ఊపిరాడక పోవును. బకెట్టు బోర్లించి యుంచుటకు ఖర్చేమియు లేదు.

తిండి, ఎండ యను రెండును ఎముకలకు ఆధారములు. చర్మముపై ఎండ తగలినప్పుడు శరీరమున డి విటమిను తయారగును. అది లోపించిన ఎముక మెత్తబడి కాళ్లు వంగును. దీనినే రికెట్సు అందురు. మేడలలో, మూసిన గదులలో పెరుగు పట్టణపు బిడ్డలకు ఎండదేశమున నుండియు నీ లోపము కలుగుచున్నది. తల్లిపాలలో నీ విటమిను స్వల్పము. కావున మొదటి సంవత్సరమంతయు దినమునకు 400 యూనిట్ల చుక్కల మందు వైద్యులు సూచించుచున్నారు. అయితే రెండేండ్లలోపు బిడ్డకు కొంచెము దొడ్డికాళ్లుండుటయు, మూడు నాలుగేండ్లకు మోకాళ్లు రాసికొనుటయు సహజములు; ఏడేండ్లకు చాలవఱకు సరియగును. ఒక కాలు మాత్రమే వంగిన, వంపు నానాటికి పెరిగిన వైద్యునికి చూపవలయును.

ఓర్పు వహింపుడని యింతవఱకు జెప్పితిని. ఓర్పునకును ఒక హద్దున్నది. పదునెనిమిది నెలలు నిండియు ఒంటరిగ నడువని బిడ్డను తప్పక పిల్లల వైద్యునికడకు గొనిపోవలయును. ఒక కాలీడ్చుట, ఒక చేతినే యెప్పుడును వాడుట, కుంటుట, కాళ్లు కట్టెలవలె బిగియుట లేక గుడ్డవలె వ్రేలుట, వచ్చిన నడక పోవుట — ఈ గుర్తులలో నేది కనబడినను పదునెనిమిది నెలలవఱకు వేచియుండరాదు.

ఇచ్చట మన సంఘమున నొక రహస్యమైన నేరము జరుగుచున్నది. నడక రాని బిడ్డను లోపలిగదిలో దాచుచున్నారు. పెద్దపిల్లకు సంబంధము కుదురదని భయము. ఇంటిపేరునకు మచ్చ యని భయము. మ్రొక్కులు మ్రొక్కుచు, తావీదులు కట్టుచు, నెలలు గడపుచున్నారు. 2019వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీని సూర్యగ్రహణసమయమున మన పొరుగునున్న కర్ణాటకములోని కలబురగి జిల్లాలో అంగవైకల్యముగల పిల్లలను, బాగగుదురను నమ్మికతో, మెడవఱకు మట్టిలో పూడ్చియుంచిన వార్త పత్రికలలో వచ్చినది. ఆ తల్లిదండ్రులు క్రూరులు గారు. దారి చూపువారు లేని దీనులు. దారి చూపవలసినది మనవంటి సంఘములు గాదా?

దారి యున్నది. వంకరపాదముతో పుట్టిన బిడ్డకు, పాన్‌సెటి వైద్యుడు కనిపెట్టిన పద్ధతిని, తొలివారములలోనే వారమున కొక పట్టీ చొప్పున కట్టు వేసి పాదమును క్రమముగ త్రిప్పుదురు. పెద్ద శస్త్రచికిత్స లేకయే చాలమంది చక్కగ నడచుదురు. తుంటికీలు తొలగినదని మొదటి ఆఱునెలలలో తెలిసినచో పటకాలతో సరిచేయవచ్చును. ఆలస్యమైన కొలది కత్తి యవసరమగును. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుక మొదలు పదునెనిమిదేండ్లవఱకు బిడ్డలను అంగనవాడీలలోను, బడులలోను పరీక్షించి, యిట్టి లోపములకు ఉచితచికిత్స చేయించు నేర్పాటున్నది. సమష్టిగ బూనిన నేమి సాధింపగలమో పోలియో చరిత్రయే సాక్ష్యము. ఊరూర కాళ్లు సన్నగిలిన బాలురను చూచిన తరము మనలోనే యున్నది. చుక్కలమందు నింటింటికి గొనిపోయిన ఫలితముగ, 2011 జనవరి 13వ తేదీన హౌరాలో కనబడిన యొక్క బాలికతో సహజపోలియో మన దేశమున నంతమైనది. 2014 మార్చి 27న ఆ విజయమునకు ధ్రువపత్రము లభించినది.

కొందఱు బిడ్డలు ఎంత చికిత్స చేసినను నడువజాలరు. వారికిని ఈ సభలో చోటుండవలయును. చక్రముల కుర్చీపై బడికి బోవు బిడ్డయు మన బిడ్డయే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, గుర్తింపబడిన వైకల్యముగల పిల్లలకు ఆఱు మొదలు పదునెనిమిదేండ్లవఱకు ఉచితవిద్యను హక్కుగ నొసగినది. ఇక మేనరికములను గూర్చి: దగ్గఱి రక్తసంబంధమున వివాహమైనచో, తల్లిదండ్రు లిరువురిలోను దాగియున్న లోపము బిడ్డయందు బయటపడు నవకాశము హెచ్చును. ఆస్తి కలిసియుండునని సంబంధము కలుపు పెద్దలు ఈ మాటను కూడ త్రాసులో వేయవలయును.

సంఘమువారికి మూడు ప్రార్థనలు చేసి ముగించెదను. ఒకటి: మన సభ్యుల యిండ్లలో ఏ శుభకార్యమునందును చక్రముల వాకరును బహుమానముగ నీయకుందుముగాక, దానికి బదులు త్రోపుడు కొయ్యబండిని ఏటికొప్పాకవంటి మన పనివారికడ చేయించి యిత్తముగాక. రెండు: ప్రతిగ్రామశాఖలోను ఇద్దఱు స్త్రీలు, పదునెనిమిది నెలలు దాటియు నడువని బిడ్డలున్న యిండ్లకు బోయి, నింద లేక, ఓదార్పుతో, జిల్లా ఆసుపత్రివఱకు వెంట నడచుదురుగాక. మూడు: విద్యార్థివేతననిధి ప్రక్కనే మఱియొక చిన్న నిధి నేర్పఱచి, చికిత్సకై పట్టణమునకు బోవు తల్లికి దారిఖర్చును, బిడ్డకు కావలసిన ఊతకఱ్ఱలు, కాలిపట్టీలు, చక్రముల కుర్చీలును సమకూర్చుదురుగాక. పోషకులారా! సత్రములు కట్టించిన చేతులు మీవి. మన కల్యాణమండపపు మెట్లప్రక్క చక్రముల కుర్చీ యెక్కు వాలుబాట నొకదానిని కట్టించుట మీకు భారము గాదు.

త్వరగ నడచు బిడ్డను చూచి గర్వించుట సులభము. ఆలస్యముగ నడచు బిడ్డకడ ఓర్పుతో కూర్చుండుటయు, నడువలేని బిడ్డను చేయి పట్టి సభలోనికి దెచ్చుటయు సంఘమునకు పరీక్ష. ఆ పరీక్షలో మనము నెగ్గుదుముగాక.